నాయనమ్మ ఎక్కిన పడవ, నేను ముంచిన సబ్‌మెరైన్

మా తమ్ముడు క్రికెట్ ఆట అనుకుని కొనుక్కొచ్చిన సీడీలో సబ్‌మెరైన్ ఉంది. గవర్నరుపేటలో ఒక కొట్టువాడు దొరికిన ఆటలన్నీ కాపీ చేసి, సీడీ మీద మార్కర్‌తో పేరు గీకి అమ్మేవాడు. పైన రాసింది ఒకటీ, లోపలున్నది ఒకటీ కావడం అక్కడ మామూలే. తమ్ముడు కాసేపు చూసి, "దీంట్లో ఏం లేదక్కా, అంతా నీళ్ళే" అని నా ముందు పడేసి పోయాడు. రెండువేల ఆరు ప్రాంతం అది.

నేను అప్పుడు డిగ్రీలో కంప్యూటర్స్ చదివి, పొద్దున పూట ఒక ఇన్‌స్టిట్యూట్‌లో పాఠాలు చెప్పి, అన్నం వేళకి వన్ టౌన్‌లో మా అద్దె ఇంటికి చేరేదాన్ని. కింద వీధిలో బస్తాలు దింపే హమాలీలూ, తోపుడుబళ్ళ వాళ్ళూ దారి కోసం అరుచుకుంటూ ఉంటే, మేడ మీది గదిలో నేను తలుపు దగ్గరకి వేసుకుని ఉత్తర అట్లాంటిక్‌లో దిగేదాన్ని. కరెంటు పోతే యూపీఎస్ కీచుమని మొత్తుకునేది. ఆ కాస్త వ్యవధిలో సబ్‌మెరైన్‌ని క్షేమంగా ఎక్కడో ఒకచోట ఆపి సిస్టమ్ కట్టేయాలి.

ఆపడం దగ్గరే నాకు మొదటి అనుమానం వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి సబ్‌మెరైన్ అది, నేను కెప్టెన్ని, శత్రువుల ఓడలు ముంచడం నా పని. లోతుకి వెళ్ళి ఇంజన్లు ఆపేస్తే అది అక్కడే ఆగిపోయేది. గోడకి మేకు కొట్టి ఫోటో తగిలించినట్టు, పైకీ లేవదు, కిందికీ దిగదు. అదెలా కుదురుతుంది? నీళ్ళంత బరువుంటే నిలబడుతుంది, నిజమే. కానీ సరిగ్గా నీళ్ళంత బరువు ఏ వస్తువుంటుంది? పిసరంత ఎక్కువైతే దిగుతుంది. దిగినకొద్దీ నీళ్ళ ఒత్తిడికి దాని ఇనుప ఒళ్ళు రవంత నొక్కుకుని ఇంకాస్త దిగుతుంది. పిసరు తక్కువైతే ఇదే తంతు పైవైపుకి. ఉన్నచోట ఊరికే ఉండటమనేది సబ్‌మెరైన్‌కి చేతకాని పని అయి ఉండాలి.

పదో తరగతిలో తెలుగు మీడియంలో ఉత్ప్లవనం పాఠం బట్టీ పట్టినప్పుడు రాని ఆశ్చర్యం, పదేళ్ళు ఆలస్యంగా, ఒక దొంగ సీడీ ముందు వచ్చింది.

నెట్‌లో వెతికితే ఈ పిచ్చి ఉన్నవాళ్ళకి ఒక ఊరే ఉందని తెలిసింది. ఏవేవో దేశాల వాళ్ళు ఒక ఫోరంలో చేరి, ఆట తాలూకు ఫైళ్ళు తెరిచి, లోపలి అంకెలు మార్చి, నిజమైన సముద్రంలో ఎలా ఉంటుందో అలా చేయడానికి కొట్టుకునేవారు. అలా మార్చినదాన్ని మాడ్ అంటారు. నేనూ చేరాను. నన్ను మగవాడనుకుని "సర్" అనేవారు. నేను దిద్దలేదు. ఓడ బరువు లెక్కకి ఆడా మగా తేడా ఏముందని ఊరుకున్నాను.

మొదట్లో నేను చేసిందంతా చెడగొట్టడమే. బరువు దగ్గర ఒక సున్నా తప్పితే సబ్‌మెరైన్ నీళ్ళలోంచి లేచి తిన్నగా మబ్బుల్లోకి పోయింది. మా అమ్మ సరిగ్గా అప్పుడే కాఫీ ఇవ్వడానికి వచ్చింది. "ఓడ కదే, ఎగురుతుందేంటి?" అంది. తర్వాత తనలో తను, "పెళ్ళివారొచ్చి అమ్మాయి ఏం చేస్తుందంటే ఓడలు ఎగరేస్తుందని చెప్పాలి కాబోలు" అనుకుంటూ వెళ్ళిపోయింది.

ఆ రోజుల్లోనే నాన్న భవానీపురంలో కట్టించిన ఇల్లు పూర్తయింది. గృహప్రవేశానికి ముహూర్తం పెట్టించారు. ఆ మాట విన్న వెంటనే మా నాయనమ్మ, "మీరంతా వెళ్ళి పాలు పొంగించుకోండి. నేను సాయంత్రం ఆటోలో వచ్చి పెరటి గుమ్మంలోంచి వస్తాలే" అంది. నాన్న తలూపి పిలుపుల జాబితాలో పడ్డారు. అమ్మ సామాన్ల లెక్క మొదలుపెట్టింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

నాయనమ్మ ఎప్పుడూ అంతే. ఇంట్లోంచి ఎవరైనా పని మీద బయల్దేరుతుంటే లేచి వెనక గదిలోకి వెళ్ళిపోయేది. కొత్త స్కూటర్ వస్తే కిటికీలోంచి చూసేది. తమ్ముడు పుట్టి ఇంటికొచ్చిన రోజున కూడా అందరూ లోపలికి వెళ్ళాకే వీధిలోంచి వచ్చిందట. తాతయ్య పోయాక మొదలైన ఆచారమని చుట్టాలు అనుకునేవారు. కాదు, తాతయ్య బతికుండగానే, ఆవిడ కొత్త కోడలిగా ఉన్నప్పుడే మొదలైంది. అమ్మ చెప్తేనే నాకు తెలిసింది.

తాతయ్య సరుకు పడవ నడిపించే సరంగు. పామర్రు దగ్గర వాళ్ళ ఊరు. ధాన్యం బస్తాలు పడవకెత్తి, బందరు కాలవ మీద గట్టు నుంచి తాడుతో లాగించుకుంటూ బెజవాడ తెచ్చి, వన్ టౌన్ గోడౌన్లకి దించేవాడు. పెళ్ళయి నాయనమ్మ కాపరానికి వచ్చిన కొత్తల్లో ఒక రోజు రేవులో కట్టేసి ఉన్న నిండు పడవలో కాలు పెట్టిందట. పెట్టిన వెంటనే పడవ తిరగబడింది. మనుషులకేం కాలేదు, నడుం లోతు నీళ్ళే. ధాన్యం మాత్రం తడిసి నాశనమైంది. ఆ సాయంత్రమే అత్తగారు గట్టు మీద నిలబడి, "అడుగు పెట్టింది, పడవ తిప్పింది" అని ఊరందరికీ వినపడేలా అన్నదట. ఆ మాట అక్కడే అంటుకుపోయింది. ఊళ్ళో ఆవిడకి అదే పేరు. ఎవరూ ఎదురుగా అనకపోయినా, ఆవిడే అందరికన్నా ముందు నమ్మేసింది.

"నాయనమ్మా, కాలేంటి, పడవ తిరగడమేంటి?" అని అడిగితే, "నీకు తెలీదులేవే" అనేది. అంతకు మించి ఒక్క ముక్క బయటికి వచ్చేది కాదు. సంచి మూతిలా నోరు బిగించేసేది. నేను వదిలేసి మళ్ళీ అట్లాంటిక్‌కి పోయేదాన్ని.

అక్కడా నాకు పడవ తిరగబడే రోజులే నడుస్తున్నాయి. ఫోరంలో ఒకాయన తయారుచేసిన పనిముట్టుతో ఆటలోకి మన సొంత ప్రోగ్రాం తగిలించే వీలొచ్చింది. నేను ట్యాంకుల పని ఎత్తుకున్నాను. సబ్‌మెరైన్‌కి పొట్టకి అటూ ఇటూ ట్యాంకులుంటాయి. వాటిలోకి నీళ్ళు వదిలితే మునుగుతుంది, గాలి కొట్టి నీళ్ళు బయటికి గెంటితే తేలుతుంది. ఆటలో ఇదంతా మీట నొక్కితే అయిపోయేది. నేను ట్యాంకు ట్యాంకుకీ నీళ్ళు ఎంత ఉన్నాయో, ఏ పక్కకి జరిగాయో లెక్క కట్టించాను. మునగడం బ్రహ్మాండంగా మునిగింది. పైకి తేల్చాను. నీళ్ళ పైకి వచ్చేదాకా బాగానే వచ్చి, తీరా గాలి తగలగానే నెమ్మదిగా ఒక పక్కకి ఒరిగి, కాసేపు ఆలోచించుకున్నట్టు ఆగి, మళ్ళీ ఒరిగి, పక్కకి పడుకుంది. ఎన్నిసార్లు తేల్చినా అంతే.

నా ప్రోగ్రాంలో తప్పుందనుకున్నాను. వెతికాను. ప్లస్, మైనస్ గుర్తులు మార్చాను, లెక్క మొదటి నుంచి రాశాను. పాఠం చెప్తూ బోర్డు మీద పిల్లలకి లూపులు రాస్తుంటే కూడా బుర్రలో అది పడుకుంటూనే ఉండేది. ఆఖరికి సిగ్గు విడిచి ఫోరంలో అడిగాను. ఒక పెద్దాయన జవాబిచ్చాడు. తప్పు లేదు, నిజమైన సబ్‌మెరైన్లలో వాళ్ళు కూడా పైకి తేలే ఆ కాసేపే భయపడేవారని, ట్యాంకు నిండా ఉంటే బాధ లేదు, పూర్తిగా ఖాళీ అయినా బాధ లేదు, సగంలో ఉన్నప్పుడే చేటని రాశాడు. ఓడ కాస్త ఒరగగానే సగం ట్యాంకులో నీళ్ళన్నీ ఆ పల్లం పక్కకే పరుగెడతాయి. ఒరిగినవైపుకే బరువు చేరుతుంది. ఇంకేం, పడటమే.

నిండుకుండ తొణకదని బడిలో మా చేత కాపీ పుస్తకం నిండా రాయించారు. మర్యాదస్థుల గురించి అన్నారు గానీ, ఖాళీ కుండా తొణకదని, ప్రమాదమంతా సగం కుండతోనేనని ఒక్క మాస్టారూ చెప్పలేదు.

నాకు చూస్తే గానీ నమ్మకం కుదరదు. ఒక ఆదివారం పొద్దున పెరట్లో గాబు నిండా నీళ్ళు పట్టి, పొడుగాటి స్టీలు టిఫిన్ డబ్బా తెచ్చి అందులో వదిలాను. డబ్బా లోపల అగ్గిపెట్టెల మీద గులకరాళ్ళు పేర్చాను. వేలితో అంచు నొక్కితే కాస్త ఊగి మళ్ళీ నిటారుగా నిలబడింది. తర్వాత ఒక గ్లాసుతో డబ్బా అడుగున కొంచెం నీళ్ళు పోశాను. ఎక్కువ కాదు, రాళ్ళకి కూడా అంటనన్ని. మళ్ళీ వేలితో తాకాను. డబ్బా ఒరిగింది, ఆగింది, మళ్ళీ ఒరిగింది, రాళ్ళన్నీ గాబు అడుక్కి పోయాయి.

మెట్టు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న నాయనమ్మ చేట పక్కన పెట్టింది.

"ఇంకోసారి చెయ్యవే" అంది.

చేశాను. నాయనమ్మ లేచి గాబు దగ్గరకి వచ్చింది. డబ్బా మధ్యలో ఆగిన ఆ క్షణాన్ని వేలితో చూపించింది.

"అదుగో, అలా ఆగింది. అందరూ దబ్బున తిరగబడిందంటారు గానీ దబ్బున కాదు. ముందు కాస్త వంగి ఆగింది. ఆయన నా వంక చూశాడు కూడాను. ఆ తర్వాత పోయింది."

ఆవిడ ఆ పడవ గురించి నాతో మాట్లాడటం అదే మొదటిసారి. ఎక్కడ ఆపేస్తుందో అని భయపడుతూ, ఏమీ పట్టనట్టు రాళ్ళు ఏరుకుంటూ అడిగాను.

"పడవలో నీళ్ళున్నాయా ఆ రోజు?"

"ఎందుకుండవు? చెక్క పడవ, బరువెక్కితే కారకుండా ఎలా ఉంటుంది? అడుగున చెక్కలు పరిచి వాటి మీద బస్తాలు పేర్చేవాళ్ళు. నీళ్ళు చెక్కల కింద ఉండేవి. పొద్దుటి నుంచీ డబ్బాలతో తోడుతూనే ఉన్నారు."

నా చేతిలో రాళ్ళు మళ్ళీ గాబులో పడ్డాయి. సబ్‌మెరైన్ ట్యాంకుకీ బందరు కాలవ పడవకీ ఏమీ తేడా లేదు. చెక్కల కింద ఎవరికీ కనపడని నీళ్ళు, పైన మనిషెత్తు బస్తాలు. ఇందులో కొత్త కోడలి కాలికి ఎక్కడ చోటుంది? ఆ క్షణంలో నాకు కలిగింది మామూలు సంతోషం కాదు. ఎప్పటి నుంచో ఎవరూ అడగని లెక్క నా చేతికి దొరికింది. గృహప్రవేశం రెండు వారాల్లోకి వచ్చేసింది. ఆ లోపల ఈ లెక్క తేల్చి ఆవిడని వీధి గుమ్మంలోంచి తీసుకెళ్ళాలని అక్కడే అనుకున్నాను.

ఆటలో ఒక చేపల పడవ ఉండేది. దాన్ని తీసుకుని కాలవ పడవగా మార్చడం మొదలుపెట్టాను. కొలతలు నాయనమ్మవి. వెడల్పెంతంటే మన వంటగదంత అనేది. పొడవెంతంటే వీధి గుమ్మం నుంచి గాబుదాకా. టేపు పెట్టి వంటగది కొలిచాను. బస్తా బరువు కింద హమాలీలని అడిగితే చెప్పారు, ఎందుకమ్మా అని కూడా అడిగారు. ఓడలోకి ఎక్కించాలన్నాను. నవ్వుకున్నారు. సబ్‌మెరైన్ ట్యాంకు కోసం రాసిన ప్రోగ్రాం అంతా తెచ్చి ఆ పడవ అడుగున తగిలించాను. కారే నీళ్ళు, తోడే నీళ్ళు, ఎక్కే మనిషి, మూడూ నా చేతిలో ఉండేలా చేశాను.

ఒక మధ్యాహ్నం అందరూ నిద్రపోతుంటే నాయనమ్మని కుర్చీలో కూర్చోబెట్టాను. తెర మీద బూడిద రంగు సముద్రం, మధ్యలో విదేశీ జెండా కట్టిన పడవ.

"ఇది సముద్రం కదే. మాది కాలవ."

"అలలు తీసేశాను నాయనమ్మా. కాలవే అనుకో."

"గట్టేదీ?"

"గట్టు పెట్టడం నాకు రాదు."

"సర్లే, కానీ" అని కళ్ళజోడు సర్దుకుంది.

ముందు పొడి పడవ చూపించాను. అడుగున చుక్క నీరు లేదు, బస్తాలు నిండా ఉన్నాయి. నాయనమ్మంత బరువు ఒక అంచున పెట్టాను. పడవ తల ఆడించినంత ఊగి సర్దుకుంది. ఆవిడ పక్కన తాతయ్యని పెట్టాను. పడవలో పనిచేసే కళాసీలని పెట్టాను. అత్తగారిని కూడా ఎక్కించాను. ఏమీ కాలేదు.

"మా అత్తగారు ఇంకాస్త బరువుండేది" అంది నాయనమ్మ. పెంచాను. అయినా ఏమీ కాలేదు.

తర్వాత అడుగున నీళ్ళు పెట్టి ఆవిడని ఎక్కించాను. పడవ వంగింది, ఆగింది, తిరగబడింది. నాయనమ్మ కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుంది. నేను వెంటనే అసలు పరీక్షకి వెళ్ళాను. అవే నీళ్ళు, అవే బస్తాలు. ఈసారి నాయనమ్మ గట్టు మీదే ఉంది, ఎక్కనే లేదు. నీళ్ళు కారుతున్నాయి. పడవలో ఉన్నవాళ్ళలో ఒకడు చెయ్యి కడుక్కోవడానికి అంచు మీదకి వంగాడు, అంతే. పడవ అలాగే వంగింది, అలాగే ఆగింది, అలాగే పోయింది.

"నువ్వు ఎక్కకపోయినా తిరగబడేదే. చెయ్యి కడుక్కునేటప్పటికి పోయేది" అన్నాను. గెలిచినదానిలా అన్నాను.

నాయనమ్మ ఆ బోర్లా పడిన పడవ దగ్గరకి వంగి చూసింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు.

"నీళ్ళు తోడుతూ ఉంటే ఏమయ్యేది?" అంది.

"తోడుతూనే ఉన్నారన్నావు కదా?"

"పొద్దుటి నుంచీ తోడారు. నేను అన్నం తెచ్చేదాకా. నేను గట్టు మీద నుంచి పిలిచాను, అన్నానికి లేవండని. పిలుపు వినపడ్డాక ఎవరైనా చేతిలో పని పట్టుకుని నిలబడతారా? అన్నాన్ని కాచుకోబెట్టకూడదు కదా. డబ్బాలు పడేసి, కాళ్ళూ చేతులూ కడుక్కుని పడవలోనే విస్తళ్ళు వేసుకున్నారు. నేను గట్టు మీద నుంచే అన్నీ అందించాను. ఆఖర్న మజ్జిగ పొయ్యడానికి ఎక్కాను."

ఈ సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే ఎవరికీ ఇది సంగతిలా అనిపించలేదు. అన్నానికి పిలిస్తే లేవడం మాలో ఊపిరి పీల్చడంతో సమానం. దాన్ని ఎవరు లెక్కలో వేస్తారు?

"చూడవే, తోడుతూ ఉంటే ఏమయ్యేదో" అంది మళ్ళీ.

చూడకూడదనుకున్నాను. సమాధానం నాకు తెలుసు. ఆవిడ కాలి మీద నుంచి తప్పు తీసేద్దామని కూర్చోబెట్టి, దాన్ని తీసుకెళ్ళి ఆవిడ నోటి మీద పెడుతున్నాను. యూపీఎస్ పాడైందని అబద్ధం చెప్దామా అనిపించింది. కానీ ఆవిడ తెర వైపు చూసే చూపు నాకు తెలిసిన చూపే. గాబు దగ్గర నేనూ అలాగే చూసి ఉంటాను. ఆ చూపున్నవాళ్ళకి అబద్ధం చెప్పడం నావల్ల కాదు.

తోడించాను. నాయనమ్మ ఎక్కింది. పడవ కొంచెం వంగి, తిరిగి నిలబడింది.

"ఊఁ" అంది. ఆ తర్వాత, "ఒక్క పప్పే వండి ఉంటే?"

"అంటే?"

"కొత్త కోడల్ని కదా, మంచి పేరు తెచ్చుకుందామని పప్పు కాక గుత్తివంకాయ కూడా చేశాను. వాళ్ళు దాంతో మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నారు. పప్పుతోనే అయితే తొందరగా లేచేవాళ్ళు."

భోజనం సేపు తగ్గించాను. పడవ బాగా వంగింది. ఆగింది. ఇద్దరం ముందుకి వంగి చూస్తున్నాం. చాలాసేపు ఎటూ తేల్చుకోలేక, నెమ్మదిగా వెనక్కి వచ్చి నిలబడింది.

నాయనమ్మ నవ్వింది. పళ్ళు లేని నోరంతా తెరిచి, ఎప్పుడూ నేను చూడనంత పెద్దగా నవ్వింది. లోపల నిద్రపోతున్న అమ్మ ఏంటని అడిగింది.

"అయితే పడవని ముంచింది గుత్తివంకాయ అన్నమాట" అంది.

"నీ తప్పేం లేదు నాయనమ్మా. తోడాల్సినవాళ్ళు చూసుకోవాలి గానీ..."

"ఎందుకు లేదు? కాస్త ఉంది. పిలిచింది నేనే, వండింది నేనే. అది నేను చేసిన పని. చేసిన పని ఇంకోసారి ఇంకోలా చెయ్యొచ్చు. కాలయితే ఏం చేస్తాను? అది పుట్టుకతో వచ్చింది, దాన్ని ఎక్కడ పెట్టుకోను?"

ఆవిడ తప్పేం లేదని నిరూపించాలని నేను పట్టుబట్టాను. ఆవిడకి కావాల్సింది తప్పు లేకపోవడం కాదు, మనుషులందరూ చేసేలాంటి తప్పు. అది దొరికితే చాలనుకుంది.

నాకు కోపం మాత్రం తగ్గలేదు. అది ఇంకో మనిషి మీదకి తిరిగింది. "తాతయ్యకి తెలుసా?" అని అడిగాను.

నాయనమ్మ కళ్ళజోడు తీసి పమిటతో తుడుచుకుంది.

"సరంగుకి తెలీకుండా ఉంటుందా, అడుగున నీళ్ళున్నాయని?"

"మరి వాళ్ళమ్మ అంత మాట అంటుంటే ఎందుకు చెప్పలేదు?"

"నీళ్ళు తోడని సరంగంటే మళ్ళీ సరుకెవరు ఎక్కిస్తారే? కొత్త కోడలి కాలంటే ఎవరి నోట్లో మట్టి పడుతుంది?"

"నీ నోట్లో పడింది."

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తాతయ్య ఆ తర్వాత కూడా లారీలొచ్చి కాలవ పడవలు మూలపడేదాకా సరంగుగానే బతికాడు. ఆవిడని పల్లెత్తు మాట అనలేదని, చెయ్యెత్తలేదని ఇంట్లో అందరూ గొప్పగా చెప్పుకునేవారు. నేనూ ఆయన్ని మంచివాడనే అనుకుంటూ పెరిగాను. ఇప్పటికీ చెడ్డవాడని అనలేను. కానీ గోడ మీద ఆయన ఫోటో చూసినప్పుడల్లా, నోరు తెరిచి ఒక్కసారి చెప్పి ఉంటే నీ సొమ్మేం పోయేదయ్యా అని అడగాలనిపిస్తుంది.

"మళ్ళీ ఒకసారి ఎక్కించు. మొదటి లెక్క" అంది నాయనమ్మ. నీళ్ళు లేని పడవలో ఆవిడని ఎక్కించాను. పడవ ఊగి సర్దుకుంది. ఇంకోసారి అంది. ఇంకోసారి. కరెంటు పోయేదాకా ఎక్కుతూనే ఉంది.

సబ్‌మెరైన్ సంగతి కూడా తేలింది. ట్యాంకుల్ని అడ్డుగోడలతో చిన్న చిన్న గదులు చేసి, ఒక్కొక్కటి పూర్తిగా ఖాళీ అయ్యాకే తర్వాతది మొదలయ్యేలా రాశాను. మాడ్ ఫోరంలో పెట్టాను. పైకి తేలడం మరీ కష్టం చేశానని కొందరు విసుక్కున్నారు. ఆ పెద్దాయన మాత్రం ఇంత ఓపిక ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. బందరు కాలవ అని రాస్తే ఆయనకి ఏమర్థమవుతుంది? ఊరుకున్నాను.

గృహప్రవేశం నాడు తెల్లవారకముందే భవానీపురంలో గుమ్మం ముందు జనం పోగయ్యారు. ఆవునీ దూడనీ తోలుకొచ్చారు. పురోహితుడు తొందరపెడుతున్నాడు. అమ్మానాన్నలు దేవుడి పటాలు పట్టుకుని, అత్తయ్యలు బిందెలు పట్టుకుని, కుడికాలు ముందు, కుడికాలు ముందు అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. నాయనమ్మ మాతోపాటే ఆటో దిగింది. నాన్న ఆవిడని చూసి, చేతిలో పటం సర్దుకుని కాస్త పక్కకి జరిగారు. నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

వెనక నుంచి ఎవరో తోశారు. ఎవరి చెప్పులో కాళ్ళకి అడ్డం పడ్డాయి. నాయనమ్మ వాటిని విసుక్కుంటూ, వంటగది ఎటువైపు పెట్టించాడో చూద్దామని మెడ సాచి, ఆ తోపులాటలోనే గడప దాటేసింది. ఏ కాలు ముందు పెట్టిందో నేను చూడలేదు. ఆవిడా చూసుకోలేదు.